ప్రింటర్ కొన్నారు సరే, ఫర్నేసు ఏదీ?

సంపాదకులకు నమస్కారం.

ఇంజినీరింగ్ కాలేజీల్లోనూ చిన్న పరిశ్రమల్లోనూ లోహపు 3డి ప్రింటర్ల మీద మోజు పెరిగింది. పత్రికల్లో వచ్చే కథనాలు కూడా చాలావరకు ఒకే వరసలో ఉంటున్నాయి. కంప్యూటర్‌లో బొమ్మ గీస్తే చాలు, లేజర్ పౌడర్‌ను కరిగించి మర్నాటికల్లా విమానం భాగమో తుంటి కీలో చేతిలో పెడుతుందన్నట్టు రాస్తున్నారు. అందులో అబద్ధం లేదు గానీ అది పనిలో సగం కూడా కాదు. టైటానియం విషయంలో డబ్బు తినేదీ, జాబ్‌ను (చేస్తున్న భాగాన్ని) చెడగొట్టేదీ, ఒక్కోసారి మనిషిని కాల్చేదీ ఆ మిగతా సగమే. ఈ పనిలో ఉన్నవాళ్లుగా దాని గురించి కాస్త వివరంగా రాస్తున్నాం. నిడివి ఎక్కువైతే మన్నించగలరు.

లాభం లేదని కాదు. పీఎస్ఎల్వీ నాలుగో అంచెలో వాడే పీఎస్4 ఇంజిన్‌ను ఇస్రో పౌడర్ బెడ్ లేజర్ పద్ధతికి (పౌడర్‌ను ప్లేటు మీద పొర మీద పొరగా పరిచి లేజర్‌తో కరిగించే పద్ధతి) తగినట్టు మళ్లీ డిజైన్ చేసింది. 14 భాగాలు ఒకే భాగమయ్యాయి, 19 వెల్డింగ్ అతుకులు లేకుండా పోయాయి. పాత పద్ధతిలో 565 కిలోల ఫోర్జింగులు, షీట్లు పట్టే చోట 13.7 కిలోల పౌడర్ సరిపోయింది. 2024 మే 9న ఆ ఇంజిన్‌ను 665 సెకన్ల పాటు మండించి చూశారు. ఈ అంకెలు చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. అయితే అంతకుముందే ద్రవాల ప్రవాహం మీద, వేడి మీద, బలం మీద లెక్కలు కట్టారు, మొత్తం 74 సెకన్ల పాటు నాలుగు హాట్ టెస్టులు (మండించి చూసే పరీక్షలు) చేశారు. ఆ ముక్క వార్తల్లో చాలామంది కంట పడలేదు.

టైటానియానికి వస్తే, ఎక్కువగా ప్రింట్ చేసేది గ్రేడ్-5. సుమారు 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం, మిగతాదంతా టైటానియం. అదే మిశ్రమాన్ని ఆక్సిజన్ ఇంకా తగ్గించి చేస్తే గ్రేడ్-23 అంటారు. శరీరంలో పెట్టే ఇంప్లాంట్లకు ఎక్కువగా అదే వాడతారు. గ్రేడ్-5లో ఆక్సిజన్ 0.20 శాతం దాటకూడదు, గ్రేడ్-23లో 0.13 శాతం దాటకూడదు. ఈ రెండు అంకెలు గుర్తుపెట్టుకోండి, వీటితో చాలా పని ఉంది.

మన దగ్గర ముడిసరుకుకు కొదవ లేదు. భీమిలి నుంచి శ్రీకాకుళం తీరం దాకా ఇసుకలో ఇల్మెనైట్ అనే టైటానియం ఖనిజం ఉంది. ఖనిజం నుంచి వచ్చే టైటానియం టెట్రాక్లోరైడ్‌ను మెగ్నీషియంతో చర్య జరిపి స్పంజి (బొరియలున్న టైటానియం ముద్ద) తీసే పద్ధతిని హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్ఎల్ అభివృద్ధి చేసింది. ఆ పరిజ్ఞానంతోనే కేరళలోని చవరలో ఏడాదికి 500 టన్నుల స్పంజి ప్లాంటు 2011లో మొదలైంది. స్పంజిని కరిగించి కడ్డీలు, బిల్లెట్లు చేసే పని అదే కంచన్‌బాగ్‌లో ప్రభుత్వ రంగ సంస్థ మిధాని చేస్తోంది. కడ్డీ దాకా మన చేతిలో పనే. కడ్డీ నుంచి గుండ్రటి, శుభ్రమైన పౌడర్ తీసే దగ్గరే వెనకబడ్డాం. చాలా షాపులు వాడేది దిగుమతి పౌడరే.

కరిగిన టైటానియం ఏ మూసతోనైనా చర్య జరుపుతుంది, అందుకే ఆ పని కష్టం. ఉక్కును కరిగించినట్టు మూసలో పోసి కరిగించడానికి వీల్లేదు. అందుకని కడ్డీని ఆర్గాన్ నిండిన గదిలో వేలాడదీసి, తిప్పుతూ, ఇండక్షన్ కాయిల్ మధ్యకు దించుతారు. దేన్నీ తాకకుండా కొన కరిగి ధారగా జారుతుంటే ఆర్గాన్ జెట్లు దాన్ని తుంపరలుగా కొడతాయి. తీగను ప్లాస్మాలో కరిగించే పద్ధతి ఇంకొకటి ఉంది, దాంతో వచ్చే రేణువులు ఇంకా గుండ్రంగా ఉంటాయి, ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. ఆర్గాన్‌తో కొట్టిన పౌడర్‌లో కొన్ని రేణువుల లోపల వాయువు బుడగలుగా చిక్కుకుంటుంది. ఆ బుడగలు తర్వాత జాబ్‌లోకి వస్తాయి. సర్టిఫికెట్‌లో రసాయన అంకెలన్నీ సరిగ్గా ఉన్నా ఈ సంగతి తెలియదు. రేణువులను రెజిన్‌లో పోసి, పాలిష్ పట్టి, మైక్రోస్కోపు కింద కోతను చూస్తేనే బయటపడుతుంది. కొనేటప్పుడు ఎంతమంది ఆ ఫొటో అడుగుతున్నారు?

పౌడర్ బెడ్ లేజర్ యంత్రాలకు 15 నుంచి 45 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), కొన్నింటికి 20 నుంచి 63 మైక్రాన్ల రేణువులు కావాలి. మరీ సన్నవి ఎక్కువైతే పౌడర్ పారదు, పైగా తేలిగ్గా అంటుకుంటుంది. మరీ లావువి 30 మైక్రాన్ల పొరలో ఇమడవు. ఇక తేమ చేరిందా, వానాకాలంలో మూత తీసి వదిలేసిన ఉప్పు డబ్బాలా పౌడర్ గడ్డకడుతుంది. రీకోటర్ బ్లేడు దాన్ని పరిచినప్పుడు పొర మీద చారలు పడతాయి, లేజర్ తగిలినప్పుడు ఆ తేమలోని హైడ్రోజన్, ఆక్సిజన్ లోహంలోకి పోతాయి. జులై, ఆగస్టుల్లో హైదరాబాద్‌లోనూ, ఏడాది పొడుగునా విశాఖలోనూ డీహ్యూమిడిఫయర్ లేని గదిలో టైటానియం డబ్బా తెరవడం పౌడర్‌ను చేజేతులా పాడుచేసుకోవడమే.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. 200 గ్రాముల బ్రాకెట్ ఒకటి చేయాలి, ఎత్తు 100 మిల్లీమీటర్లు. జాబ్ కట్టే ప్లేటు 250 మిల్లీమీటర్ల చదరం. అంత ఎత్తు దాకా పెట్టె నిండాలంటే 6.25 లీటర్ల పౌడర్ కావాలి. లీటరుకు రెండున్నర కిలోల చొప్పున పదిహేను కిలోలు దాటుతుంది. జాబ్‌లో కరిగేది 200 గ్రాములు, దాన్ని కింద నిలబెట్టే సపోర్టులకు ఇంకొంచెం. మిగతాదంతా వేడిని, పొగను, లేజర్ దెబ్బకు ఎగిరిన తునకలను చూసి మళ్లీ డబ్బాలోకి వెళ్లే పౌడర్. దాన్ని 63 మైక్రాన్ల జల్లెడ పట్టి మళ్లీ వాడతాం, వాడకపోతే ఎవరికీ గిట్టదు. కానీ వాడిన ప్రతిసారీ కొంత ఆక్సిజన్ ఎక్కుతుంది. ఎక్కిన ఆక్సిజన్‌ను దించే దారి మామూలు షాపులో లేదు. కొత్త పౌడర్ కలిపి పల్చన చేయడం ఒక్కటే మార్గం. గ్రేడ్-23గా కొన్న పౌడర్ 0.13 దాటితే ఇంప్లాంటుకు పనికిరాదు, 0.20 లోపు ఉన్నంతకాలం గ్రేడ్-5 పనులకు వాడుకోవచ్చు, అదీ విడి డబ్బాలో, విడి రిజిస్టర్‌లో. ఏ డబ్బా ఎన్నిసార్లు యంత్రంలోకి వెళ్లింది, ఎప్పుడు ఎంత కొత్తది కలిపారు అన్న పుస్తకం లేని షాపు నుంచి టైటానియం జాబ్ తీసుకోవద్దని మా సలహా.

ఇదే బ్రాకెట్‌కు పట్టే సమయం కూడా చూద్దాం. 280 వాట్ల లేజర్, సెకనుకు 1200 మిల్లీమీటర్ల వేగం, గీతకూ గీతకూ మధ్య 0.14 మిల్లీమీటర్లు, పొర మందం 0.03 మిల్లీమీటర్లు. గ్రేడ్-5కు బాగా వాడుకలో ఉన్న అంకెలే ఇవి. చివరి మూడూ గుణిస్తే సెకనుకు 5.04 ఘన మిల్లీమీటర్లు కరుగుతుంది, అంటే గంటకు 18 ఘన సెంటీమీటర్లు. 200 గ్రాములంటే 45 ఘన సెంటీమీటర్లు కాబట్టి లేజర్ పని రెండున్నర గంటలే. కానీ 100 మిల్లీమీటర్ల ఎత్తుకు 3,333 పొరలు పరచాలి. పొరకు పది సెకన్లు వేసుకున్నా తొమ్మిది గంటలు దాటుతుంది. ఒక్క జాబ్ పెడితే యంత్రం ఎక్కువసేపు పౌడర్ పరుస్తూనే గడుపుతుంది. అదే ప్లేటు మీద పది పెడితే మొత్తం 34 గంటల్లో అయిపోతాయి. ఒక్కొక్కటిగా చేస్తే 118 గంటలు. ధర అడిగేటప్పుడు ఒకటికి ఎంత అని కాదు, ప్లేటుకు ఎన్ని పడతాయని అడగాలి.

పై అంకెల నుంచే ఇంకో లెక్క వస్తుంది. 280ని 5.04తో భాగిస్తే ఘన మిల్లీమీటరుకు సుమారు 56 జౌల్స్. చాలామంది విద్యార్థుల ప్రాజెక్టు రిపోర్టులు ఈ ఒక్క అంకె దగ్గర మొదలై అక్కడే ఆగిపోతాయి. వేగం తగ్గించి, పవర్ తగ్గించి కూడా అదే 56 తెప్పించవచ్చు, జాబ్ మాత్రం అదే రాదు. వేగానికి మించి పవర్ ఎక్కువైతే లోహం ఆవిరై లోతైన గుంట తవ్వుతుంది, ఆ గుంట అడుగు కూలినప్పుడు గుండ్రటి రంధ్రం మిగులుతుంది. పవర్ చాలకపోతే కింది పొర కరగదు, రెండు పొరల మధ్య సన్నగా, వాడి అంచులతో, కరగని రేణువులు ఇరుక్కున్న ఖాళీ మిగులుతుంది. రెండింటిలో ఇదే ప్రమాదం. నిలువుగా లాగినప్పుడు అది సరిగ్గా పగులు తెరుచుకునే దిక్కులో ఉంటుంది. నీళ్లలో ముంచి ఆర్కిమెడీస్ పద్ధతిలో తూకం వేస్తే సాంద్రత 99.8 శాతం అని వస్తుంది, అందరూ చప్పట్లు కొడతారు. ఆ మిగిలిన 0.2 శాతం ఎక్కడ ఉంది, ఏ ఆకారంలో ఉంది అన్నది తూకం చెప్పదు.

గదిలో ఆర్గాన్ తప్పనిసరి. స్టీలుకు నైట్రోజన్‌తో సరిపెట్టినట్టు ఇక్కడ కుదరదు, టైటానియం నైట్రోజన్‌ను కూడా పట్టుకుని పెళుసుబారుతుంది. ఆక్సిజన్ 0.1 శాతం కంటే తక్కువ ఉండాలన్నది మామూలు హద్దు, మంచి షాపులు దానికి చాలా కిందనే ఉంచుతాయి. ఆర్గాన్ పనికి ఇంకో వైపు కూడా ఉంది. ప్లేటు మీదుగా ఒక దిక్కు నుంచి వీస్తూ పొగను, తునకలను పక్కకు తోస్తుంది. ఆ తునకలు పక్క జాబ్ మీద పడితే అక్కడ పొర మందం పెరిగి, లేజర్ కిందిదాకా కరిగించలేక ఖాళీ మిగులుతుంది. అందుకే వాయువు బయటికి పోయే వైపు ఉన్న జాబ్‌లను ముందు కరిగించి, వచ్చే వైపు ఉన్నవాటిని తర్వాత కరిగించేలా వరస పెట్టాలి. ఫిల్టర్ నిండి ఆర్గాన్ వేగం తగ్గినా ఇదే జబ్బు. ఒకే ప్లేటు మీద ఒక మూలవి మంచివి, ఇంకో మూలవి చెడ్డవి వస్తే మొదట అనుమానించాల్సింది లేజర్‌ను కాదు, ఆర్గాన్ ప్రవాహాన్ని.

అమరికలో మరో రెండు జాగ్రత్తలు. పొడవైన అంచు బ్లేడుకు సమాంతరంగా ఉంటే బ్లేడు మొత్తం అంచును ఒక్కసారిగా గుద్దుకుంటుంది, ఐదు నుంచి పది డిగ్రీలు తిప్పి పెడితే ఒక మూల నుంచి మెల్లగా ఎక్కుతుంది. ప్లేటుతో 45 డిగ్రీల కంటే తక్కువ కోణంలో వంగిన ముఖాలకు కింద సపోర్టు కావాలి. ఆ సపోర్టు కేవలం మోయడానికే కాదు, వేడిని కిందికి దించడానికి, పైకి లేచే అంచును గుంజి పట్టడానికి కూడా. టైటానియం వేడిని చాలా నెమ్మదిగా వదిలే లోహం, గ్రేడ్-5 ఉష్ణవాహకత అల్యూమినియంలో ముప్ఫయ్యో వంతు కూడా ఉండదు. సపోర్టు పొదుపు చేసిన చోట అంచు పైకి లేచి బ్లేడుకు తగులుతుంది, అర్ధరాత్రి యంత్రం ఆగిపోతుంది. కరెంటు పోయి ఆగినా అంతే. చల్లారిన జాబ్ కుంచించుకుపోతుంది, మళ్లీ మొదలుపెట్టిన దగ్గర చుట్టూ గీత పడుతుంది. ఆ గీత ఉన్న జాబ్‌ను మోడల్‌గా బల్ల మీద పెట్టుకోవచ్చు, విమానంలో పెట్టకూడదు.

ప్రింట్ పూర్తయింది. మా ఫిర్యాదంతా ఇక్కడి నుంచే.

లేజర్ కింద కరిగిన చుక్క సెకనులో వెయ్యో వంతులో గడ్డకడుతుంది. అంత వేగంగా చల్లారినందువల్ల గ్రేడ్-5 లోపల సూదుల్లాంటి మార్టెన్‌సైట్ అనే గట్టి నిర్మాణం ఏర్పడుతుంది. లాగి చూస్తే 1,200 మెగాపాస్కల్ దాకా బలం చూపిస్తుంది, ఫోర్జింగ్ కంటే ఎక్కువ. ఈ అంకెను బ్రోషర్లలో పెద్ద అక్షరాల్లో వేస్తారు. పక్కనే సాగుడు (తెగేముందు ఎంత సాగుతుందన్న) శాతం వేయరు, అది చాలాసార్లు పదికి కిందే ఉంటుంది. అమెరికా ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం వారి ఎఫ్2924 ప్రమాణం అడిగేది 895 మెగాపాస్కల్ బలం, 825 ఈల్డ్ (శాశ్వతంగా సాగడం మొదలయ్యే హద్దు), 10 శాతం సాగుడు. మూడూ కలిసి రావాలి. అవి రావాలంటే ఫర్నేసులో పెట్టక తప్పదు. 800 డిగ్రీల సెల్సియస్ దగ్గర రెండు నుంచి నాలుగు గంటలు ఉంచితే బలం వెయ్యి చిల్లరకు దిగి, సాగుడు 12 శాతం పైకి వస్తుంది.

ఇక్కడ వరస తప్పితే జాబ్ పోయినట్టే. ముందు చల్లని జాబ్‌లోంచి, సందుల్లోంచి పౌడర్ మొత్తం దులపాలి. 800 డిగ్రీల్లో మిగిలిన పౌడర్ గోడలకు అతుక్కుపోయి ఇక రాదు, కూలింగ్ చానల్ అలాగే మూసుకుపోతుంది. తర్వాత ప్లేటుతో సహా ఫర్నేసులో పెట్టాలి. ఆ తర్వాతే వైర్‌కట్ (తీగతో కోసే యంత్రం) మీద ప్లేటు నుంచి కోయాలి. తొందరపడి ముందే కోస్తే లోపలి బిగువు వదిలి జాబ్ అరటిపండులా వంగుతుందని షాపుల్లో అందరికీ తెలుసు, అయినా డెలివరీ తేదీ ముంచుకొస్తే కోస్తూనే ఉంటారు. ప్లేటుతో సహా అన్నాం కదా, యంత్రం ప్లేటు 250 మిల్లీమీటర్లు, కొన్న ఫర్నేసు లోపలి జాగా 200 అయిన చోట్లు కూడా ఉన్నాయి. ఆర్డర్ పెట్టేముందు ఒక్క టేపు పెట్టి కొలిస్తే పోయేది.

ఫర్నేసు అంటే మామూలు మఫుల్ ఫర్నేసు కాదు. గాలి తగిలే ఫర్నేసులో వేడిచేస్తే టైటానియం ఒంటి మీద ఆక్సిజన్ నిండిన గట్టి, పెళుసు పొర ఏర్పడుతుంది, ఆల్ఫా కేస్ అంటారు. జాబ్ వంగినప్పుడు పగులు మొదలయ్యేది ఆ పొరలోనే. వాక్యూమ్ ఫర్నేసు కావాలి, లేదా మంచి శుద్ధత ఉన్న ఆర్గాన్. మిగిలిపోయిన ఆక్సిజన్‌ను తాగేయడానికి జాబ్ పక్కన కొంత టైటానియం స్పంజి పెట్టడం మంచి అలవాటు. బయటికి తీసినప్పుడు రంగే సాక్ష్యం. వెండిలా మెరిస్తే సరే. లేత గడ్డి రంగు ఉంటే పైపైన తగిలింది. ఊదా, నీలం కనిపిస్తే అనుమానించాలి. బూడిద రంగు వచ్చి గోటికి తెల్లటి పొడి రాలితే ఆ జాబ్ సంగతి మర్చిపోవచ్చు. ఎమరీ పెట్టి నీలాన్ని తుడిచేసి పంపేవాళ్లు ఉన్నారు. రంగు పోతుంది, లోపలికి దిగిన ఆక్సిజన్ పోదు.

ఫర్నేసులో పెట్టే ముందు శుభ్రం చేయడం కూడా ఒక పనే. ట్రైక్లోరోఇథిలీన్ లాంటి క్లోరిన్ ద్రావకాలు వద్దు, ఒట్టి మెథనాల్ వద్దు. రెండూ బిగువులో ఉన్న టైటానియాన్ని పగలగొట్టగలవు. వట్టి చేతులతో పట్టుకోవద్దు. చెమటలోని ఉప్పు వేడిలో అదే పని చేస్తుంది. ఆరు రూపాయల గ్లవ్స్ దగ్గర పీనాసితనం చూపించి లక్షల జాబ్ పోగొట్టుకోవడం మన అలవాటు.

అలసటకు (పదే పదే బరువు పడి పగిలే ఫెటీగ్‌కు) నిలవాల్సిన భాగమైతే ఫర్నేసుతో ఆగదు. వేడి, ఒత్తిడి కలిపి అన్ని వైపుల నుంచీ నొక్కే హిప్ (హాట్ ఐసోస్టాటిక్ ప్రెసింగ్) కావాలి. ఎఫ్2924 ప్రకారం 895 నుంచి 955 డిగ్రీల మధ్య, కనీసం 100 మెగాపాస్కల్ ఆర్గాన్ ఒత్తిడిలో, రెండు నుంచి నాలుగు గంటలు. లోపలి ఖాళీలు మూసుకుపోతాయి. అన్నీ కావు. ఉపరితలానికి దారి ఉన్న ఖాళీలోకి ఆర్గాన్ దూరుతుంది కాబట్టి అది మూసుకోదు. రేణువులోంచి వచ్చిన ఆర్గాన్ బుడగ చిన్నదవుతుంది గానీ మాయం కాదు, తర్వాత మళ్లీ వేడిచేస్తే కొంత ఉబ్బుతుంది. హిప్ చేయించాం కదా అని చెత్త ప్రింట్‌ను దాటించడం కుదరదని మా అనుభవం.

ఆఖరుది ఉపరితలం. ప్రింట్ నుంచి వచ్చిన ముఖం మీద సగం కరిగిన రేణువులు అంటుకుని ఉంటాయి, గరుకుదనం 8 నుంచి 15 మైక్రాన్లు ఉంటుంది. ప్రతి గుంటా పగుళ్లకు మొదలు. మెషినింగ్ చేసిన ముఖంతో పోలిస్తే అలసట బలం బాగా పడిపోతుంది. బిగించే ముఖాలు, బోల్టు రంధ్రాలు సీఎన్‌సీ కోత యంత్రం మీద తీయాల్సిందే, దానికి డ్రాయింగులోనే అర మిల్లీమీటరో మిల్లీమీటరో అదనం వదలాలి. చాలామంది కుర్ర డిజైనర్లు సరిగ్గా ఫైనల్ కొలతకు ప్రింట్ చేసి తెస్తారు, కోయడానికి లోహం ఉండదు.

ఇంప్లాంట్ల గురించి రెండు మాటలు. గ్రేడ్-23 బిగుతు (వంగకుండా నిలిచే గుణం) దాదాపు 110 గిగాపాస్కల్, ఎముకది 10 నుంచి 30. ఆ తేడా తగ్గించడానికి, ఎముక లోపలికి పెరగడానికి జాలీలాగా చేస్తారు, రంధ్రాలు చాలావరకు 300 నుంచి 800 మైక్రాన్లు. ఆ సందుల్లో కరగని పౌడర్ ఒక చిటికెడు మిగిలినా రోగి ఒంట్లోకి వెళుతుంది. అల్ట్రాసోనిక్‌లో కడిగామని చెప్పడం సరిపోదు. కడిగిన నీళ్లను వడపోసి, వడపోత కాగితం మీద ఇంకా పౌడర్ వస్తోందా లేదా చూసి రాసిపెట్టాలి. ఆసుపత్రులు ఆ కాగితం అడగాలి.

అరిగిపోయిన భాగాల మీద లేజర్‌తో పౌడర్ ఊది లోహం కట్టే పద్ధతి వేరే. దానికి 45 నుంచి 150 మైక్రాన్ల లావు పౌడర్, పొర అర మిల్లీమీటరు దాకా. మన చిన్న షాపులకు నిజానికి ఇదే ముందు పనికొచ్చేది. కానీ స్టీలు షాఫ్టు మీద గాలిలో చేసినట్టు టైటానియం మీద చేస్తే, నాజిల్ దాటిన వెంటనే వేడి లోహం గాలి పీల్చుకుంటుంది. మూసిన ఆర్గాన్ గదో, కనీసం చల్లారేదాకా వెంట నడిచే ఆర్గాన్ కవచమో ఉండాలి.

ఇక భద్రత. 2013 నవంబరులో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం వూబర్న్ పట్టణంలో టైటానియం, అల్యూమినియం పౌడర్లు వాడే ఒక 3డి ప్రింటింగ్ షాపులో పేలుడు జరిగి ఒక కార్మికుడు తీవ్రంగా కాలిపోయాడు. అక్కడి కార్మిక భద్రతా శాఖ విచారణలో నిప్పు రవ్వలు పుట్టే కారణాలను తొలగించలేదనీ, లోహపు మంటలకు వాడే డి తరగతి ఆర్పే పరికరం లేదనీ తేలింది. మన షాపుల్లో గోడకు వేలాడేది మామూలు ఏబీసీ సిలిండర్. టైటానియం మంటకు నీళ్లు కొడితే హైడ్రోజన్ పుట్టి పేలుతుంది. కార్బన్ డయాక్సైడ్ కొడితే అందులోనూ మండుతుంది. నైట్రోజన్‌లోనూ మండగల లోహం ఇది. డి తరగతి పొడి, లేదా ఎండబెట్టిన ఇసుక, అదీ ఎగరగొట్టకుండా మెల్లగా కప్పాలి. ఇసుక తడిగా ఉంటే అదీ నీళ్లతో సమానం.

పౌడర్ కంటే ప్రమాదం ఫిల్టర్‌లో పేరుకునే నల్లటి మసి. లేజర్ కింద ఆవిరైన లోహం చల్లారి ఏర్పడిన అతి సన్నని ధూళి అది, గాలి తగలగానే తనంత తానే రాజుకోగలదు. ఫిల్టర్ మార్చేటప్పుడే ఎక్కువ ప్రమాదాలు జరుగుతాయి. యంత్రం కంపెనీ చెప్పిన వరస అక్షరం తప్పకుండా పాటించాలి. నీళ్లలో ముంచి ఉంచే పద్ధతి అయితే డబ్బా మూత బిగించకూడదు, హైడ్రోజన్ పోవడానికి దారి ఉండాలి. ఇంట్లో వాడే వ్యాక్యూమ్ క్లీనర్‌తో టైటానియం పీల్చకూడదు, దాని మోటారు బ్రష్‌లోనే నిప్పురవ్వ ఉంది. దీనికోసం నీటిలో ధూళిని పట్టే, పేలుడు భద్రత ధ్రువీకరించిన వ్యాక్యూమ్‌లు ఉన్నాయి. స్టాటిక్ పోయే చెప్పులు, ఎర్తింగ్, ముఖానికి సన్నటి ధూళిని ఆపే పీ3 మాస్కు. కంప్రెస్డ్ ఎయిర్‌తో బల్ల దులపడం మానేయాలి, ధూళి మేఘాన్ని మనమే తయారుచేసుకోవడం అది. ఆర్గాన్ గాలి కంటే బరువు కాబట్టి నేలమాళిగల్లో, గోతుల్లో నిలుస్తుంది. గదిలో ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గితే మోగే అలారం నేలకు దగ్గరగా ఉండాలి. పేలే ధూళి గురించి, 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్ వచ్చేదాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 37వ సెక్షన్‌లోనే ఉండేది. తనిఖీకి వచ్చేవాళ్లు పిండిమిల్లుల్లో చూసినంత శ్రద్ధగా ప్రింటర్ గదుల్లో చూడటం లేదు.

కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ 2022 ఫిబ్రవరిలో ఎడిటివ్ తయారీపై (3డి ప్రింటింగ్‌పై) జాతీయ వ్యూహాన్ని ప్రకటించింది. మంచిదే. మేం అడిగేది దాన్ని అమలుచేసేటప్పుడు డబ్బు ఎటు పోతోందో చూడమని. కాలేజీలకు ఇచ్చే గ్రాంటులో ముప్పావు భాగం యంత్రానికి పోతే, ఆక్సిజన్ కొలిచే ఎనలైజర్, వాక్యూమ్ ఫర్నేసు, జల్లెడ, సీటీ స్కాన్ ఏవీ రావు. అలాంటి చోట ప్రింట్ చేసిన టైటానియం ముక్క షోకేసులోకే వెళుతుంది. ఒక్కో కాలేజీకి ఒక్కో యంత్రం కన్నా, హైదరాబాద్ చుట్టుపక్కల ఒక చోట, విశాఖలో ఒక చోట, జాబ్‌వర్క్ ధరకు ఎవరికైనా తెరిచి ఉండే వాక్యూమ్ ఫర్నేసు, హిప్, పౌడర్ పరీక్షల ల్యాబ్ పెట్టండి. బాలానగర్, చర్లపల్లి షాపులకు సీఎన్‌సీ చేయి తిరిగిన పనే, వాళ్లకు లేనిది ఈ మూడే. విద్యార్థులకు మొదటి ఏడాది 316ఎల్ స్టెయిన్‌లెస్ స్టీలు పౌడర్ ఇవ్వండి. అమరిక, సపోర్టులు, రంధ్రాలు అన్నీ దాంతోనే నేర్చుకోవచ్చు, తప్పు చేస్తే గది కాలిపోదు.

టెండర్లు రాసే అధికారులకు ఒక విన్నపం. "టైటానియం గ్రేడ్-5, 3డి ప్రింటెడ్" అని ఒక్క లైన్ రాసి తక్కువ ధర కోట్ చేసినవాడికి ఇవ్వకండి. అదే ప్లేటు మీద నాలుగు మూలలా, మధ్యలో నిలువుగా ప్రింట్ చేసిన టెస్ట్ బార్లు, ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో లాగి చూసిన రిపోర్టు, ప్రింట్ అయ్యాక జాబ్‌లో కొలిచిన ఆక్సిజన్ శాతం, పౌడర్ డబ్బా చరిత్ర, ఫర్నేసు చార్టు, కీలకమైన భాగాలకు సీటీ స్కాన్ అడగండి. పౌడర్ సర్టిఫికెట్‌లోని ఆక్సిజన్ అంకెను జాబ్ ఆక్సిజన్‌గా చూపిస్తే ఒప్పుకోకండి, ఆ రెండు వేర్వేరు. ఈ షరతులన్నీ ఒక పేజీలో పడతాయి. పెట్టిన రోజు ధర పెరుగుతుంది, కొందరు టెండర్ వేయడం మానేస్తారు. వేసినవాళ్లలో ఎవరికి ఫర్నేసు ఉందో అప్పుడు తెలుస్తుంది.

ఇట్లు,
మెటల్ 3డి ప్రింటింగ్ పనిలో ఉన్న కొందరు ఇంజినీర్లు, టెక్నీషియన్లు,
హైదరాబాద్